శూన్య ఆటంక వాహనం

లారీకి ఇంజను ఎందుకు అన్న ప్రశ్న మా విభాగం వేసేదాకా ఈ దేశంలో ఎవరూ వేయలేదు. పుట్టినప్పటినుంచీ ఉంది కాబట్టి ఉండాలనుకున్నారు. అలవాటు మనుషుల్ని ఎంత గుడ్డివాళ్లను చేస్తుందో చూడండి. ఆ గుడ్డితనం పోగొట్టిన ఘనత మా జిల్లా వరద సన్నద్ధత విభాగానిది. అందులో సూపరింటెండెంటుగా, సమావేశాల మినిట్సు రాసేవాడిగా నాదీ ఉడతాభక్తి వాటా ఒకటుంది.

మాకున్నది ఒకటే లారీ. దాని మీద మూడు ఫైబరు పడవలు ఎప్పుడూ కట్టి ఉంటాయి. గోదావరికి నీళ్లొచ్చినప్పుడు ఆ పడవల్ని రేవుదాకా మోసుకుపోవడం దాని పని. క్యాబినులో ఒక హామ్ రేడియో సెట్టు ఉంటుంది. హామ్‌లంటే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత సెట్లు పెట్టుకుని సరదాగా ఊళ్ల మీద ఊళ్లతో మాట్లాడుకునేవాళ్లు. సరదా సంగతి ఎలా ఉన్నా, వరదలో సెల్ టవర్లన్నీ పడకేసినప్పుడు పలికేవి వాళ్ల సెట్లే.

గరువులంక అని గోదావరి మధ్యలో ఒక లంక ఉంది. అక్కడి హైస్కూలులో సైన్సు టీచరు చెల్లుబోయిన మంగతాయారు గారు హామ్. నా చేతా, డ్రైవరు దొమ్మేటి అబ్బులు చేతా పరీక్ష రాయించి లైసెన్సులు ఇప్పించింది ఆవిడే. వాళ్లలో ఒక మర్యాద ఉంది. మాట్లాడుకోగానే ముందు ఎవరికి ఎవరు ఎలా వినిపిస్తున్నారో రెండంకెల్లో చెప్పుకుంటారు. మొదటిది మాట ఎంత అర్థమవుతోందన్నది, దానికి ఐదు మించి లేదు. రెండోది ఎంత బలంగా వస్తోందన్నది, దానికి తొమ్మిది మించి లేదు. కాబట్టి 'ఐదు తొమ్మిది' అంటే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నంత బాగా వినిపిస్తోందని.

కిందటేడు వరదలో లారీ పడవలతో బయల్దేరింది. సగం దారిలో గట్టు రెండుగా చీలుతుంది. కుడికి పోతే కొత్త రేవు, ఎడమకి పోతే పాత రేవు. కొత్త రేవు అప్పటికే మునిగింది. ఆ సంగతి మంగతాయారు గారు స్కూలు డాబా మీద నిలబడి, వానలో తడుస్తూ, సెట్టులో గొంతు చించుకుని చెప్పారు. అబ్బులుకి వినిపించింది ఒక ఈల మాత్రమే. ఇంజను వేగం పెరిగితే ఈల సన్నబడుతుంది, తగ్గితే లావవుతుంది. మాట అన్నది దాని కింద పడి నలిగిపోయింది. అతను కొత్త రేవుకే పోయాడు. బురదలో దిగబడి, బయటపడి, చుట్టు తిరిగి వచ్చేసరికి సగం రోజు పోయింది. ఆ సగం రోజులో లంకలో పశువుల పాకలన్నీ కొట్టుకుపోయాయి. గేదెని వదిలి రానని పాకలోనే కూర్చున్న కొప్పిశెట్టి నాగన్న అనే ముసలాయన కూడా పోయాడు. ఇది నవ్వే సంగతి కాదు. నేనూ నవ్వడం లేదు.

నీళ్లు తీశాక మంగతాయారు గారు గుడ్డసంచి ఒకటి చంకన వేసుకుని మా ఆఫీసుకు వచ్చారు. అందులో మందపాటి తీగలు, ఫ్యూజులు, నల్లటి గాజుల్లాంటి ముక్కలు, ఒక ఫిల్టరు డబ్బా, రాగితో అల్లిన జడ ఒకటి ఉన్నాయి.

"అన్నయ్యగారూ, డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదండి. ఈలేసేది ఆల్టర్నేటరు. బ్యాటరీకి ఛార్జి ఎక్కించేది అదే కదా, దాని రొద తీగల్లోంచి పాకి సెట్టులోకి వచ్చేస్తోంది. అబ్బులు మైకు నొక్కితే మాకూ ఆ ఈలే వస్తోంది. బ్యాటరీ నుంచి సెట్టుకి వేరే తీగ లాగాలి. ఆల్టర్నేటరు దగ్గర ఈ ఫిల్టరు పెట్టాలి. క్యాబిను కింద తుప్పు గీకి ఛాసిస్‌కీ దానికీ ఈ జడ బిగించాలి. అబ్బులు స్పానరు పట్టుకుంటే ఒక్క పూట పనండి" అన్నారు.

నేను ఆవిణ్ని మా అదనపు సంచాలకులు విఠలేశ్వర్ గారి గదిలోకి తీసుకెళ్లాను. ఆయన సంచిలోకి తొంగి చూసి, పామును చూసినట్టు వెనక్కి జరిగారు.

"అమ్మా, మీ సేవాభావం ప్రశంసనీయం. అయితే బ్యాటరీ రవాణా పద్దు కింద కొనుగోలు చేయబడినది. సెట్టు సమాచార పద్దు కింద సమకూర్చబడినది. ఒక పద్దు నుంచి మరొక పద్దుకు శాశ్వత ప్రాతిపదికన తీగ లాగడం నిధుల మళ్లింపు కిందికి వస్తుంది."

"అందులో పారేది కరెంటండి, నిధులు కాదు."

"మళ్లింపు మళ్లింపే."

"మరి ఇప్పుడు సిగరెట్టు అంటించుకునే సాకెట్లోంచి తీసుకుంటున్నారు కదా సార్?"

"అది తాత్కాలిక వినియోగం. పీకితే వస్తుంది" అన్నారు విఠలేశ్వర్ గారు. ఆయనకు ఆడిటు వాళ్ల జాతకాలన్నీ తెలుసు.

మంగతాయారు గారు సంచి మూతి ముడేసి, "నాగన్న తాత నా సెట్టు పక్కనే కూర్చుని రోజూ వార్తలడిగేవాడు సార్. ఈసారి వరదకైనా మా మాట లారీకి వినపడాలి. అంతే నేనడిగేది" అన్నారు.

"తప్పక వినపడుతుంది. దానికి ఒక కమిటీ వేస్తున్నాం."

సంచిని పరిశీలన నిమిత్తం నా బీరువాలో పెట్టించారు.

కమిటీకి సాంకేతిక సభ్యుడు జోగినాథం గారు. కాలువ లాకుల తలుపులకు గ్రీజు పెట్టించడంలో ఆరితేరిన ఇంజనీరు. ఆయన మొదటి రోజే శాస్త్రీయంగా పరీక్ష జరిపించారు. ఆఫీసు మేడ మీద మాకింకో సెట్టుంది. నేను అక్కణ్నుంచి మాట్లాడితే, కింద ఆవరణలో ఉన్న లారీలో అబ్బులు వినాలి. ఇంజను వేస్తే ఈల. ఇంజను ఆపితే ఐదు తొమ్మిది.

"ఆయ్, ఇంజనాపితే చిలక పలికినట్టు పలుకుతుందండి. ఏస్తే మాత్రం సన్నాయి మేళవేనండి" అన్నాడు అబ్బులు.

అతను ఊరికే అన్న మాట మినిట్సుకెక్కింది. 'ఆటంకానికి మూలకారణం ఇంజను అని నిర్ధారించడమైనది' అని రాశాను. అందులో తప్పేమీ లేదు. తలనొప్పికి మూలకారణం తల అని రాసినా తప్పుండదు.

మొదటి ఉత్తర్వు వచ్చింది: మాట్లాడేటప్పుడు, వినేటప్పుడు ఇంజను ఆపవలెను. బాగానే ఉందనిపించింది నాకు. చీలిక దగ్గర ఒక్కసారి ఆపి వింటే చాలు కదా అని. కానీ విఠలేశ్వర్ గారు లోతుగా ఆలోచించే మనిషి. "ఎవరైనా పిలుస్తున్నారో లేదో వింటేనే కదా తెలిసేది? వినాలంటే ఆపాలి. ఎప్పుడు పిలుస్తారో తెలియదు. కాబట్టి ఎప్పుడూ వినాలి" అన్నారు. జోగినాథం గారు తల ఊపారు. ఎప్పుడూ వినాలంటే ఎప్పుడూ ఆపే ఉంచాలన్నది నేను రాసుకున్నాను. మధ్యేమార్గంగా ఫర్లాంగుకోసారి ఆపి వినాలని తీర్మానించారు.

గట్టు మీద ప్రయోగం చేశాం. లారీ ఫర్లాంగు పోతుంది, ఆగుతుంది, అబ్బులు చెవి రిక్కిస్తాడు, ఎవరూ పిలవరు, మళ్లీ స్టార్టు చేస్తాడు. వెనక కొబ్బరికాయల ట్రాక్టర్లు, స్కూలు ఆటోలు, ఒక పెళ్లివారి బస్సు బారులు తీరాయి. నాలుగో ఫర్లాంగు దగ్గర లారీ స్టార్టు కావడం మానేసింది. బ్యాటరీ చచ్చిపోయింది. పెళ్లికొడుకు దిగి వచ్చి తోశాడు.

"చూశారా? ఇంజను మీద ఆధారపడటం ఎంత ప్రమాదకరమో!" అన్నారు విఠలేశ్వర్ గారు.

అక్కణ్నుంచి కమిటీ వెనక్కి తిరిగి చూడలేదు. మన ఇంజను ఆపి వేరే బండి చేత లాగిద్దామన్నారు. లాగే బండికీ ఇంజను ఉంటుందని జోగినాథం గారు చివరి నిమిషంలో కనిపెట్టి, ఆటంకం అందనంత దూరంలో దాన్ని ఉంచాలని పొడుగాటి మోకు తెప్పించారు. గట్టు మలుపులో ముందు బండి కనపడకుండా పోయింది. మోకు మాత్రం తిన్నగా ఉండి, మధ్యలో ఒకరి అరటితోట మీదుగా పోయింది. తోట ఆసామి మమ్మల్ని తిట్టిన తిట్లు సెట్టులో మాత్రం ఐదు తొమ్మిదిగా వినిపించాయి.

ఆ తరవాత ఎద్దులొచ్చాయి. బండలాగుడు పోటీల్లో బహుమతులు కొట్టిన జతలు. మెడలో గంటలు, కొమ్ములకు ఇత్తడి తొడుగులు. ఇత్తడి ఏరియల్ లాగా పనిచేసి కొత్త ఆటంకం తెచ్చిపెట్టవచ్చని జోగినాథం గారు తొడుగులు ఊడదీయించారు. గంటలకూ రేడియోకూ సంబంధం లేకపోయినా ముందుజాగ్రత్తగా వాటినీ తీయించారు. ఆఫీసు ఆవరణలో ఎద్దులు లారీని దివ్యంగా లాగాయి. అందరం చప్పట్లు కొట్టాం. రోడ్డెక్కాక కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు విజిల్ ఊదాడు. ఎద్దులు ఠక్కున ఆగిపోయాయి. పోటీలో విజిల్ ఊదితే ఆట అయిపోయినట్టు. తువ్వాలు కప్పి, నొసట పసుపు రాసి, బహుమతి ప్రకటించేదాకా అవి అడుగు వేయవు. వాటి ఆసామి ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. ఆఖరికి విఠలేశ్వర్ గారే తన భుజం మీది కండువా తీసి ముందు జతకు కప్పి, నాలుగు మాటలు మాట్లాడి, ఫోటో దిగారు. అప్పుడు కదిలాయి, ఇంటివైపు.

చివరి సమావేశంలో విఠలేశ్వర్ గారు లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడితే నేను పేజీ తిప్పుతాను.

"సభ్యులారా, ఇంజను ఆపి ఉంచడం పరిష్కారం కాదు. అది ఉన్నంతకాలం ఎవరైనా దాన్ని స్టార్టు చేసే ప్రమాదం పొంచి ఉంటుంది. మూలకారణాన్ని మూలంలోనే నివారించాలి. ఇంజనును తొలగించాలని ప్రతిపాదిస్తున్నాను."

జోగినాథం గారు బలపరిచారు. ఎప్పుడూ నోరు విప్పని నేను ఆ రోజు విప్పాను.

"మరి లారీ ఎలా కదులుతుందండీ?"

"సూపరింటెండెంటు గారూ, కదలిక ఈ కమిటీ పరిధిలోకి రాదు. మన పరిధి ఆటంకం" అన్నారాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ఇంజనును క్రేనుతో పైకి తీసి, స్టోరులో 'ఆటంక కారకం, ఒకటి' అని చీటీ కట్టి పెట్టించారు. అబ్బులు దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. చచ్చిపోయిన ఎద్దును చూసే రైతు మొహం అతనిది. "ఏవండీ, దానికి ఆయిలు కూడా మొన్నే మార్చానండి" అన్నాడు. నాకు నిజంగా బాధేసింది.

'శూన్య ఆటంక వాహనం' ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కొబ్బరికాయ కొట్టారు. ఆనవాయితీ ప్రకారం చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. చక్రం కదిలి వాటిని తొక్కితే దిష్టి పోతుంది. ఎంతసేపు చూసినా చక్రం కదలకపోవడంతో అటెండరు చెప్పుకాలితో తొక్కాడు. పక్క జిల్లాల అధికారులు వచ్చి అధ్యయనం చేసి, తమ లారీలకేసి అనుమానంగా చూసుకుంటూ వెళ్లారు. రాజధాని నుంచి జ్ఞాపిక వచ్చింది. ఆరోజు లంక నుంచి మంగతాయారు గారు కూడా సెట్టులో మాట్లాడారు. "చాలా స్పష్టంగా ఉంది సార్. ఐదు తొమ్మిది. ఈల బొత్తిగా లేదు. ఎలా చేశారండి?" అని అడిగారు. అది అంతర్గత సాంకేతిక రహస్యమన్నారు విఠలేశ్వర్ గారు. నేను చెప్పబోతే మైకు మీద చెయ్యి పెట్టారు.

శ్రావణంలో గోదావరి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక దాటేసరికి టవర్లు పోయాయి. నేను మేడ మీద సెట్టు ముందున్నాను. విఠలేశ్వర్ గారు గొడుగు పట్టించుకుని లారీ క్యాబినులో కూర్చున్నారు. లంక నుంచి వచ్చిన ప్రతి మాటా ఇద్దరికీ వినిపించింది.

"నీళ్లు బళ్లోకి వచ్చేశాయి సార్. ఊరంతా డాబా మీదున్నాం. చంటిపిల్లలున్నారు, నొప్పులొస్తున్న మనిషి ఉంది. లారీ పంపండి. పడవలు పంపండి. ఓవర్."

"మీ సందేశం అత్యంత స్పష్టంగా అందింది. అక్షరం కూడా జారిపోలేదు. ఐదు తొమ్మిది. ఓవర్."

"స్పష్టత సరే సార్, లారీ బయల్దేరిందా? ఓవర్."

"ఇంత తీవ్రమైన వాతావరణంలో సైతం ఆటంకం శూన్యం. ఇది మా విభాగానికి గర్వకారణం. ఓవర్."

"సార్, నాగన్న తాత మాటైనా గుర్తు చేసుకోండి! బయల్దేరిందా లేదా?"

కిటికీలోంచి చూస్తే విఠలేశ్వర్ గారు లారీ దిగి గబగబా మేడ మీదికి వస్తున్నారు. ఈ సంభాషణను ఉన్నదున్నట్టు పైవాళ్లకు నివేదించాలట. ఆయన నా పక్క బల్ల దగ్గర కూర్చుని నివేదిక రాయడం మొదలుపెట్టారు. అవతల ఆడకూతురు అరుస్తుంటే ఇవతల 'విషయం' అని గీత గీస్తున్నాడీయన. నేను కాఫీ చెప్పొస్తానని లేచి కిందికి దిగాను.

అబ్బులు గేటు దగ్గరే ఉన్నాడు. "సూపర్నెంటుగారూ, మా బామ్మర్ది ఇసక లారీ రోడ్డు మీద పెట్టానండి. పడవలు ఎత్తి ఏసేత్తాం. గేటు పాసు లేందే వాచ్‌మేన్ ఒదలనంటున్నాడండి."

పాసు రాశాను. కారణం దగ్గర 'మరమ్మతు నిమిత్తం' అని వేశాను. పడవలకు మరమ్మతు అక్కర్లేదు, మాకే కావాలి. అటెండర్లందరూ చేతులేసి పడవల్ని ఎక్కించారు. అబ్బులు క్యాబినులోకి దూరి సెట్టూ ఏరియలూ చంకలో పెట్టుకుని దిగాడు.

"తాత్కాలిక వినియోగం కదండీ. పీకితే వచ్చేసింది" అన్నాడు.

బీరువాలోని సంచి కూడా తెచ్చి అతని చేతిలో పెట్టాను. దారిలో బిగించే తీరిక ఎటూ లేదు. నా బీరువాలో మాత్రం ఇంక ఉండకూడదనిపించింది.

నేను పైకి వచ్చేసరికి నివేదిక మూడో పేరాలో ఉంది. చాలాసేపటికి సెట్టు పలికింది. గొంతు అబ్బులుది, స్పష్టంగా ఉంది.

"టీచరమ్మగారూ, చీలిక కాడ ఇంజనాపానండి. ఏ రేవండి?"

"అబ్బులూ! ఈసారి పాత రేవు మునిగిందయ్యా. కొత్త రేవుకి రా. కుడికి తిరుగు, కుడికి!"

"కుడికేనండి. ఆయ్."

మొదటి ఉత్తర్వును అది పుట్టాక ఎవరైనా సవ్యంగా వాడింది ఆ ఒక్కసారే.

ఆ తరవాత ఈల మొదలైంది. అబ్బులు మైకు నొక్కి ఏదో అంటున్నాడు. దాని వెనక గొంతు ఉందని తెలుస్తోంది కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈల లావుగా గునిసింది. బురద. ఒక్కసారి ఆగిపోయినంత పనైంది. మళ్లీ అందుకుని సన్నబడింది, ఇంకా సన్నబడింది. గట్టెక్కుతోంది. నేను కుర్చీ అంచుకి జరిగి, నా కాలికింద యాక్సిలరేటరు ఉన్నట్టు నేలను తొక్కుతున్నాను.

విఠలేశ్వర్ గారు తలెత్తారు. "ఏమిటా శబ్దం? మన పౌనఃపున్యంలో ఆటంకమా? ఎవరది? తక్షణం ఆపమనండి!"

ఆపలేదు. చీకటి పడేలోగా డాబా మీదివాళ్లందరూ గట్టుకు చేరారు. నొప్పులొస్తున్న మనిషి మూడో పడవలోనే ఆడపిల్లను కన్నది. ఇద్దరూ క్షేమం.

నీళ్లు తీశాక సమీక్షా సమావేశం జరిగింది. మంగతాయారు గారిని కూడా పిలిపించారు. శూన్య ఆటంక వాహనం వరద పొడుగునా నూటికి నూరుపాళ్లు నిశ్శబ్దంగా ఉన్నదని జోగినాథం గారు చదివారు. నదీతీర మార్గాల్లో వర్షాకాలంలో తిరిగే ప్రైవేటు లారీలన్నిటికీ దశలవారీగా ఇంజన్లు తొలగించాలని ప్రతిపాదించారు. నాకూ, అబ్బులుకూ మెమోలు ఇచ్చారు. అధికారిక పౌనఃపున్యంలో ఆటంకం ప్రవేశపెట్టినందుకు సంజాయిషీ.

ఇసక లారీ ఇప్పుడు ఈల వేయడం లేదన్నది వాళ్లకింకా తెలియదు. దానికి పద్దులు లేవు కాబట్టి మంగతాయారు గారూ అబ్బులూ కలిసి ఆదివారం పొద్దున్న సంచిలోవన్నీ దానికి బిగించేశారు. మధ్యాహ్నం భోజనాల వేళకి పనైపోయింది.

చివరగా పట్టిక పూరించాలి. ఆ రోజు మాట్లాడిన ప్రతి సెట్టుకూ లంకలో ఎలా వినిపించిందో రెండంకెలు వేయాలి. ఇసక లారీ గడి ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఆ వాహనం కదలడం మొదలుపెట్టాక ఒక్క మాట కూడా అర్థం కాలేదని మీరే చెప్పారు. ఏమని నమోదు చేయమంటారు?" అని విఠలేశ్వర్ గారు ఆవిణ్ని అడిగారు.

"ఐదు తొమ్మిది అని వేయండి సార్."

"అదెలా కుదురుతుందమ్మా? మాట అర్థం కానిచోట ఐదు ఎలా వేస్తాం? ఇది శాస్త్రం!"

మంగతాయారు గారు కుర్చీలోంచి లేచి, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకున్నారు.

"డాబా మీద ఊరంతా సెట్టు చుట్టూ మూగి ఆ ఈలే విన్నాం సార్. అది సన్నబడ్డప్పుడల్లా లారీ దగ్గరికొస్తోందని పిల్లలు చప్పట్లు కొట్టారు. మాకు కావలసింది వినపడిందండి" అన్నారు.

ఆ మాట మినిట్సులో లేదు. గడిలో రెండంకెలకే చోటుంది. ఐదు తొమ్మిది అని వేశాను.